పాత ఇంగ్లిష్ బ్రయర్ పైపు కొనేముందు కాడ మీది అక్షరాలు చదవండి

పాత ఇంగ్లిష్ పొగాకు పైపులను సేకరించాలనుకునేవారు మొదట ఏం చూడాలి, వాటి వయసు ఎలా తెలుస్తుంది అని మీరు అడిగారు. నేను ఇంగ్లండ్‌లో ఉంటూ, పదకొండేళ్లుగా శనివారాల్లో లండన్ పోర్టొబెల్లో రోడ్డు సంతలో వెతికి నలభైకి పైగా పైపులు సేకరించాను. నాకు పొగ తాగే అలవాటు లేదు. ఆ పనితనం మీది మక్కువే నన్ను ఇందులోకి దించింది. పొగాకు నింపే గిన్నె మెరుపు చూసి పైపు కొనకూడదని, గిన్నెను నోటి ముక్కతో కలిపే కాడ మీద అచ్చువేసిన అక్షరాలు చదివి కొనాలని నేను నష్టపోయాకే నేర్చుకున్నాను.

బ్రయర్ అంటే మధ్యధరా తీరాల్లో పెరిగే ట్రీ హీత్ అనే పొదకు వేరు మొదట్లో ఏర్పడే బుడిపె. దాన్ని ముక్కలుగా కోసి, గంటల తరబడి ఉడికించి, నెలల తరబడి ఆరబెట్టాక గిన్నెగా తొలుస్తారు. ఆ గట్టి చెక్క మీద కూడా అచ్చు పైపైనే పడుతుంది కనుక చేతుల రాపిడికే అరిగిపోతుంది.

లండన్ పైపుల తయారీ సంస్థ డన్‌హిల్ పైపు అనగానే అందరూ నోటి ముక్క మీద ఉండే ఆ సంస్థ గుర్తు తెల్ల చుక్కనే చూస్తారు. కానీ నోటి ముక్కను మార్చేయవచ్చు, గిన్నెతో ఒకే చెక్కగా ఉండే కాడను మార్చలేరు. కాడ మీద ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ పక్కన ఉండే చిన్న అంకె తయారైన సంవత్సరాన్ని సూచిస్తుంది. 1970ల పైపుల్లో దాన్ని 1960కి కలపాలి, అంటే 15 ఉంటే అది 1975 నాటిది. వెండి పట్టీ ఉన్న పైపు దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే వెండి స్వచ్ఛతకు సింహం గుర్తుతో పాటు, వెండిని పరీక్షించిన నగరం లండన్ అయితే చిరుత తల, బర్మింగ్‌హామ్ అయితే లంగరు, ఏటేటా మారే ఒక అక్షరం ఆ పట్టీ మీదే ఉంటాయి. మరో ఇంగ్లిష్ పైపుల తయారీదారులైన బార్లింగ్ వారు మొదట వెండి పనివారే. 1960లో ఆ కుటుంబం సంస్థను అమ్మేసింది కనుక అంతకు ముందువాటికే సేకర్తలు ఎక్కువ విలువ ఇస్తారు.

నా మూడో పైపు అలాంటి బార్లింగే. శుభ్రం చేయమని ఒకరికి ఇస్తే, ఆయన దాన్ని తిరిగే పాలిష్ చక్రానికి ఆనించారు. చేతికి వచ్చినప్పుడు అద్దంలా మెరిసింది. దీపం కింద తిప్పి చూస్తే పేరులో మొదటి అక్షరం పైవంపు తప్ప ఏమీ మిగలలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అందుకే శుభ్రం చేసే పని నేనే చేసుకుంటాను. గంధకం కలిపిన రబ్బరుతో చేసిన నోటి ముక్క వెలుతురుకు ఆకుపచ్చగా, గోధుమరంగుగా మారుతుంది. దాన్ని చేత్తోనే మెల్లగా రుద్దాలి. అక్షరాల దరిదాపుల్లోకి గరుకు కాగితం రానివ్వకూడదు. గిన్నె లోపలి మసి కింద పగుళ్లు దాగి ఉంటాయి కనుక టార్చి వేసి చూడాలి.

సంతకు వెళ్లేటప్పుడు ఒక భూతద్దం వెంట ఉంచుకోండి. పైపును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే అరిగిన అక్షరం నీడ కూడా కనిపిస్తుంది. ఆ నీడ కూడా లేని పైపును ఎంత చవకగా ఇచ్చినా నేను కొనను.