సూది గుచ్చుకుంటే దాచుకోకు

చిన్నీ,

సోమవారం నుంచి క్యాజువాలిటీలో డ్యూటీ అని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది తల్లీ. వార్డుల్లో 30 ఏళ్లు తిరిగిన పెద్దమ్మగా ముందు ఒక్క మాట అడుగుతాను. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్‌కి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయా? రెండు వేయించుకుని, ఆరో నెలలో వేయించుకోవాల్సింది మర్చిపోయే పిల్లల్ని చాలామందిని చూశాను. మూడోది పడ్డాక నెల రెండు నెలల్లో టీకా పనిచేసిందో లేదో చెప్పే యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ రక్తపరీక్ష చేయించుకో. 10 కన్నా తక్కువ వస్తే మళ్లీ టీకాలు వేయించుకోవాలి. ఆ రిపోర్టు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకో.

అందరూ హెచ్‌ఐవీకి భయపడతారు. అది ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే అంటుకునే అవకాశం వెయ్యిలో 3. టీకా లేనివాళ్లకు హెపటైటిస్ బి అయితే వందలో 6 నుంచి 30 దాకా. ఎండిన రక్తపు మరకలో కూడా ఆ వైరస్ వారం రోజులు బతికి ఉంటుంది.

ఒకసారి నైట్ డ్యూటీలో, వాడిన సూదికి మూత పెట్టబోయి ఎడమ బొటనవేలికి గుచ్చుకున్నాను. గ్లవ్ లోపల ఆవగింజంత ఎర్ర చుక్క. హెడ్ సిస్టర్ తిడుతుందని దూది అదిమి ఊరుకున్నాను. ఆరు నెలలపాటు పొద్దున్నే అద్దంలో కళ్లు పచ్చబడ్డాయేమో చూసుకునేదాన్ని. మీ పెదనాన్నకి కూడా చెప్పలేదు. నాకేమీ కాలేదు కానీ, ఆ టెన్షన్ నువ్వు పడొద్దు.

వాడిన సూదికి మూత పెట్టనే పెట్టకు. గుచ్చుకుంటే వేలు పిండకు, నోట్లో పెట్టుకోకు. కుళాయి కింద సబ్బుతో కడిగి, వెంటనే డ్యూటీ డాక్టర్‌కి చెప్పి రిజిస్టర్‌లో రాయించు. హెపటైటిస్ బి టీకా పడనివాళ్లకు ఇమ్యునోగ్లోబులిన్, అంటే ఆ వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్, వీలైతే 24 గంటల్లోపు ఇస్తే మేలు. హెచ్‌ఐవీ మందులు ఇంకా త్వరగా, గంటల్లోనే మొదలుపెట్టాలి. హెపటైటిస్ సికి టీకా లేదు. కానీ పరీక్షల్లో బయటపడితే దాదాపు అందరికీ 12 వారాల మాత్రలతో నయమవుతుంది. అందుకే దాచకూడదు.

ఇంకొకటి. మా వార్డు ఆయమ్మ చెత్త సంచి ముడివేస్తుంటే, ఎవరో పసుపు సంచిలో పడేసిన సూది ఆమె అరచేతిలో దిగింది. సూదులు వేయాల్సిన తెల్ల డబ్బా నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఆ సూది ఎవరు వేశారో ఈనాటికీ తెలియదు. ఆమెకి ఒక్క డోసు టీకా కూడా పడలేదని ఆ రోజే మాకు తెలిసింది. అంతమంది సిస్టర్లం ఉండి ఒక్కళ్లమూ అడగలేదు.

2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో ఆసుపత్రి సిబ్బందికి టీకా కూడా ఉంది. కాంట్రాక్టు ఆయాల్ని జాబితాలో మర్చిపోతుంటారు. చేరిన వారంలోనే మీ వార్డు వాళ్లని అడుగు. నీకు మూడో డోసు బాకీ ఉంటే వాళ్లతో కలిసే వెళ్లు.

మీ పెద్దమ్మ