స్పీకర్ కుర్చీ దిగి హ్యాండ్‌బాల్ కుర్చీలో

ప్రశ్న: సార్, మా బాబు తొమ్మిదో తరగతి, సరూర్‌నగర్‌లో హ్యాండ్‌బాల్ నేర్చుకుంటున్నాడు. అక్కడికి పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లలో ఒకాయన, బెలారస్ దేశంలో పార్లమెంటు స్పీకర్‌గా చేసినాయనే హ్యాండ్‌బాల్ సంఘాన్ని నడిపాడని, మన దగ్గరా పెద్ద నాయకుడు పైన ఉంటేనే ఆట బాగుపడుతుందని వాదించారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, కొత్తపేట, హైదరాబాద్

జవాబు: మొదటి మాట నిజమేనమ్మా. ఆయన పేరు వ్లదిమీర్ కొనోప్లియోవ్. 1994లో లుకషెంకో తొలిసారి దేశాధ్యక్షుడైనప్పటి నుంచీ ఈయన లుకషెంకో మనిషి. 2004 నుంచి 2007 దాకా దిగువసభ స్పీకర్‌గా చేశారు, ఆ పదవి పోయాక కూడా హ్యాండ్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడిగా ఏళ్ల తరబడి ఉన్నారు. అక్కడ ఇది వింత కాదు. లుకషెంకోనే 1997 నుంచి 2021 వరకు జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు, ఆయన తర్వాత ఆ కుర్చీ పెద్ద కొడుకు విక్తర్‌కి వెళ్లింది.

రెండో మాట మాత్రం నేను ఒప్పుకోను. బెలారస్ రాజధాని మిన్స్క్‌లో ఎస్‌కేఏ అని సైన్యం హ్యాండ్‌బాల్ క్లబ్ ఒకటి ఉంది, అది 1987, 1989, 1990లో యూరప్ ఛాంపియన్ల కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దింది స్పార్తక్ మిరోనోవిచ్ అనే కోచ్. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో పాత సోవియట్ దేశాల ఉమ్మడి జట్టు స్వర్ణం గెలిచినప్పుడు కోచ్ కూడా ఆయనే. అంటే ఈ స్పీకర్ గారి పేరు ఎవరికీ తెలియని రోజుల్లోనే అక్కడ ఆట శిఖరాన ఉంది, ఆ ఘనత రోజూ కోర్టులో పిల్లలతో చెమటోడ్చినవాళ్లది.

పెద్ద నాయకుడుంటే హాళ్లు కడతారు, ఫైళ్లు కదులుతాయి, అది కాదనను. కానీ నాయకుడి మీద వచ్చిన కోపం కూడా ఆటగాళ్లే మోయాలి. 2020 ఎన్నికల తర్వాత లుకషెంకోకి ఎదురుతిరిగిన క్రీడాకారులను వేధిస్తున్నారని ఫిర్యాదులు వచ్చాయి, ఆ డిసెంబరులో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ తండ్రీకొడుకులిద్దరినీ ఒలింపిక్స్‌కి రానివ్వమంది. మరుసటి ఏడాది టోక్యోలో సిమనౌస్కాయా అనే స్ప్రింటర్, తనకి చెప్పకుండా రిలేలో పేరు వేశారని కోచ్‌లను బహిరంగంగా తప్పుపట్టింది. అంతే, సామాను సర్దుకోమని విమానాశ్రయానికి తీసుకెళ్లిపోయారు. అక్కడ జపాన్ పోలీసుల సాయం అడిగి, చివరికి పోలండ్ వీసాతో బయటపడింది ఆ అమ్మాయి. తన దేశం జట్టులో పరిగెత్తడానికి వెళ్లిన పిల్ల తిరిగి సొంతింటికి వెళ్లలేకపోయిందంటే ఆ తల్లిదండ్రుల టెన్షన్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా! ఇక 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే యూరప్ హ్యాండ్‌బాల్ సమాఖ్య రష్యాతో పాటు దానికి అండగా నిలిచిన బెలారస్ జట్లనూ పక్కన పెట్టింది. యుద్ధంతో ఏ సంబంధమూ లేని కుర్రాళ్లు తమ ఆటలో తామే అరటిపండ్లయ్యారు.

మన దగ్గరా ఈ జబ్బు ఉంది, ఎన్నికలు సరిగ్గా జరపలేదని 2012 డిసెంబరు నుంచి 2014 ఫిబ్రవరి దాకా భారత ఒలింపిక్ సంఘం సస్పెన్షన్‌లో ఉంది, ఆ సమయంలో సోచి శీతాకాల ఒలింపిక్స్‌కి వెళ్లిన మన క్రీడాకారులు ప్రారంభోత్సవంలో మన జెండా పట్టుకోలేకపోయారు.

అందుకని, అధ్యక్షుడు ఎంత పెద్దవాడని చూడకండి. మీ జిల్లా సంఘం కమిటీలో ఒకప్పుడు ఆడినవాళ్లు ఎందరున్నారో, ఎన్నికలు ఎప్పుడు జరిగాయో, సెలక్షన్ జాబితా గోడ మీద పెడతారో లేక ఫోన్లలో చెబుతారో, అది అడగండి. బాబుని మాత్రం ఆట మాన్పించకండి.