అమ్మ ఒక్కతే ఉంటోంది కదా, ఏం చేద్దాం అని అడిగావు, అందుకే రాస్తున్నా

ఒరే చిన్నా, కెమెరాలు పెట్టించి డల్లాస్ నుంచే అమ్మని చూసుకుంటా పిన్నీ అన్నావు, పెట్టించు నాన్నా వద్దనను, కానీ కెమెరాలో అక్క కనపడుద్ది గానీ అన్నం తిందో లేదో కనపడదు. మొన్న నేను వెళ్ళేసరికి పొద్దున పదైనా స్టవ్ వెలిగించలేదు, రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకుని నిమ్మకాయ బద్ద నంజుకుంటోంది, ఏంటక్కా అంటే ఒక్కదాని కోసం ఏం వండుకుంటానే అంది. నీకు మాత్రం ఫోన్లో బాగానే ఉన్నా అనే చెప్పుద్ది.

మీ బాబాయి పోయాక మూడేళ్ళు నేనూ ఇట్టాగే ఉన్నా. మొగుడు పోయినదాన్ని ఊళ్ళో ఎవరూ ఏమీ అనరు, పిలవటం మానేస్తారు అంతే. పేరంటానికి పిలుపు ఉండదు, పెళ్ళికెళ్తే ఎదురుపడకూడదేమో అని మనకే జంకు, అట్టా అట్టా గడప దాటటం మానేస్తాం. ఈసారి వచ్చినప్పుడు నువ్వే చెయ్యి పట్టుకుని నాలుగిళ్ళకి తీసుకెళ్ళు, పాప ఓణీల ఫంక్షన్లో మొదటి అక్షింతలు మీ అమ్మ చేతే వేయించు, ఊరంతా చూడాలి.

అక్క భజనకి వెళ్ళటం మానేసింది భక్తి తగ్గి కాదురా, చెవి సరిగ్గా వినపడక, నలుగురూ నవ్వుతుంటే ఎందుకో తెలీక సిగ్గు. ముందు తెనాలిలో చెవి టెస్ట్ చేయించు, ఇది వాయిదా వెయ్యొద్దు.

పాలు పోసే అమ్మాయితో నేను మాట్లాడా, గుమ్మం దగ్గర గిన్నె లేకపోతే తలుపు కొట్టుద్ది, తాళం ఒకటి పక్కింట్లో ఇచ్చా. ఆశా వర్కర్ నంబరు, 108, ఇంకా 14567 గోడ మీద పెద్దక్షరాలతో రాయించా. 14567 అంటే పెద్దవాళ్ళ కోసం పెట్టిన ఎల్డర్ లైన్, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఫ్రీగా మాట్లాడతారు, పెన్షన్ సంగతే కాదు మనసు బాలేకపోయినా చెయ్యొచ్చంట.

ఇవన్నీ ఒక ఎత్తు. అక్కకి కావాల్సింది తన కోసం ఎదురుచూసే మనిషి నాన్నా, చూసుకునే మనిషి ఒక్కటే సరిపోదు. అందుకే వీధిలో ఇద్దరు పిల్లల్ని సాయంత్రం ఎక్కాలు చెప్పించుకోమని పంపించా, మొదట్లో నావల్ల కాదే అంది, వారం తిరక్కుండా వాళ్ళకి అటుకులు పోపు పెడతా అని స్టవ్ వెలిగించింది, అందులోనే తనూ తింటోంది. ఆదివారం వాళ్ళు రారు. ఆరోజు సాయంత్రం నువ్వు ఫోన్ చెయ్యి, తిన్నావా అని కాదు, పిల్లలు ఎంతవరకు నేర్చుకున్నారో అడుగు.