యెజ్డీ 250కి ఎల్‌ఈడీ హెడ్‌లైటు: విడిగా రీచార్జి బ్యాటరీ పెట్టాలంటే ఎలా?

మీ ప్రశ్న ఇదీ: గుణుపురంలో పాత యెజ్డీ 250 ఉంది, 6 వోల్టుల డైనమో. ఇంజను స్లోలో ఉంటే హెడ్‌లైటు ఎర్రబడిపోతోంది. మూడు 18650 సెల్లులు (ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండే లిథియం అయాన్ రకం) సిరీస్‌లో కట్టి, లైట్లన్నీ ఎల్‌ఈడీకి మార్చి దాని మీద వేసేయొచ్చా?

వేయొచ్చు గానీ లైట్లన్నీ వద్దు. హెడ్‌లైటు ఒక్కదాన్నే కొత్త బ్యాటరీ మీదికి మార్చండి. వెనక లైటు, బ్రేకు లైటు, పార్కింగు బల్బు, మీటరు బల్బు పాత వైరింగు మీదే ఉంచి, వాటికి 6 వోల్టుల ఎల్‌ఈడీ బల్బులు పెట్టండి. కారణం చెబుతాను. లిథియం బ్యాటరీ అయిపోయేటప్పుడు వెలుగు మెల్లగా తగ్గదు, సెల్లుల్ని కాపాడే బోర్డు, అంటే బీఎంఎస్, ఒక్కసారిగా కట్ చేస్తుంది. సాలూరు నుంచి పొట్టంగి ఘాటీ ఎక్కుతుంటే హెడ్‌లైటు పోయిందనుకోండి, బండి పక్కకి తీయొచ్చు. దానితో పాటే వెనక ఎర్ర లైటు కూడా పోతే, వెనకొచ్చే లోడు లారీకి మీరు కనబడరు. రెండూ రెండు బ్యాటరీల మీద ఉంటే ఆ గొడవ లేదు.

ఇంకో లాభం డైనమోకి. ఈ బండి డైనమో సుమారు 45 వాట్లది. పాత హెడ్‌లైటు బల్బే 35 వాట్లు. దానికి తోడు వెనక లైటు, ఇగ్నిషన్ కాయిల్. అంటే లైటు వేసి నడిపినంతసేపూ బ్యాటరీ లోంచి పోతోందే తప్ప చేరడం లేదు. ఆ 35 వాట్లు తీసేస్తే ఇగ్నిషన్‌కి కావలసినంత ఉంటుంది, స్టార్టింగూ మెరుగవుతుంది. కానీ ముందు డైనమో ఆరోగ్యం చూడండి. లైట్లు ఆర్పి, ఇంజను మధ్యరకం స్పీడులో ఉంచి, 6 వోల్టుల బ్యాటరీ మీద మల్టీమీటరు పెడితే 6.9 నుంచి 7.2 వోల్టుల దాకా రావాలి. రాకపోతే కార్బన్ బ్రష్షులు, కమ్యుటేటరు, కటౌట్ పాయింట్లు శుభ్రం చేయించాకే మిగతా పని. ఈ బండిలో స్పార్కు కూడా ఆ బ్యాటరీదే కాబట్టి దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకండి.

ఇప్పుడు సెల్లులు. మూడు 18650లు సిరీస్‌లో కడితే నిండుగా 12.6 వోల్టులు, ఖాళీ అయ్యేసరికి 9. చాలా ఎల్‌ఈడీ బల్బుల డ్రైవరు 9 వోల్టుల దగ్గర మినుకుమినుకుమంటుంది. పైగా 2200 ఎంఏహెచ్ (2.2 ఏహెచ్, అంటే ఆంపియర్ గంటలు) సెల్లు అయితే గంటన్నర వెలుగు కూడా కష్టం. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి పీకినవి అసలు వద్దు: వేసవిలో రాయగడ వైపు ఎండకి పెట్రోలు ట్యాంకు పక్కన పెట్టే వస్తువు కాదది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకోండి. 32700 సైజు సెల్లు 3.2 వోల్టులు, 6 ఏహెచ్. నాలుగు సిరీస్‌లో కడితే 12.8 వోల్టులు. వేడికి తట్టుకోవడంలో మామూలు లిథియం అయాన్ కంటే చాలా నయం. మొత్తం ప్యాకు కిలో లోపే, పక్క టూల్‌బాక్సులో పట్టేస్తుంది.

లెక్క సులువే. బల్బు మీద ఎన్ని వాట్లని రాసినా నమ్మకండి, మీటరు పెట్టి కరెంటు చూడండి. 18 వాట్ల బల్బు నిజంగా ఆ 18 తీసుకుంటే 12.8 వోల్టుల దగ్గర 1.4 ఆంపియర్లు. బ్యాటరీలో 80 శాతమే వాడతామనుకుంటే 4.8 ఏహెచ్, అంటే మూడు గంటల పైచిలుకు. చీకటి పడ్డాక రాయగడలో బయల్దేరి గుణుపురం చేరడానికి సరిపోతుంది.

ప్యాకు కట్టడంలో తప్పులు ఎక్కువ జరిగేది బీఎంఎస్ దగ్గర. నాలుగు సెల్లులదే అయినా లిథియం అయాన్ బీఎంఎస్ ఒక్కో సెల్లుని 4.2 వోల్టుల పైదాకా ఎక్కనిస్తుంది. ఈ సెల్లు హద్దు 3.65. కొనేటప్పుడు "4ఎస్ లైఫ్‌పీఓ4" (సిరీస్‌లో నాలుగు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులకని) అని రాసి ఉందో లేదో చూడండి. 10 ఆంపియర్లది చాలు. కట్టేముందు నాలుగు సెల్లుల్నీ ఒకే వోల్టేజీకి తేవాలి: వాటి మధ్య తేడా 0.05 వోల్టు లోపే ఉంటే ప్యారలల్‌లో కలిపి రాత్రంతా వదిలేయండి. తేడా ఎక్కువుంటే ముందు విడివిడిగా చార్జి చేయాలి, లేదంటే కలిపిన క్షణంలోనే సెల్లు నుంచి సెల్లుకి పెద్ద కరెంటు పరుగెత్తుతుంది. సెల్లుల్ని ప్లాస్టిక్ హోల్డర్లలో బిగించి, నికెల్ స్ట్రిప్పు స్పాట్ వెల్డింగ్ చేయించండి. ఈ-రిక్షా బ్యాటరీలు బాగుచేసే షాపుల్లో ఈ మిషను ఉంటుంది, బరంపురంలోనో విజయనగరంలోనో దొరుకుతుంది. సెల్లు మీద నేరుగా సోల్డరింగు పెట్టకండి, ఆ వేడికి లోపలి సీలు పాడవుతుంది. పాజిటివ్ చివర ఉంగరంలా కత్తిరించిన బార్లీ పేపరు (కరెంటు పారనివ్వని మందపాటి కాగితం) తప్పనిసరి, ఎందుకంటే సెల్లు ఒళ్ళంతా నెగటివే, అదురుడుకి స్ట్రిప్పు దాన్ని ఒరుసుకుంటుంది.

బీఎంఎస్ సన్న వైర్ల కనెక్టరు పెట్టేముందు నెగటివ్ నుంచి ఒక్కో వైరుకీ వోల్టేజీ చూడండి: సుమారు 3.3, 6.6, 9.9, 13.2 వరసగా రావాలి. వరస తప్పితే బోర్డు కాలుతుంది. బల్బు నెగటివ్ వైరు బీఎంఎస్ మీద పి-మైనస్ (బయటికి వెళ్ళే నెగటివ్) దగ్గర కలపాలి. బి-మైనస్ (సెల్లుల వైపు నెగటివ్) దగ్గర కలిపితే లైటు చక్కగా వెలుగుతుంది, కానీ రక్షణ ఏమీ ఉండదు. బ్యాటరీ అడుగంటా లాగేసి సెల్లులు చచ్చేదాకా ఎవరికీ తెలియదు. కొత్త బోర్డు అవుట్‌పుట్ సున్నా చూపిస్తే కంగారు పడకండి, చాలా బోర్డులు ఒకసారి చార్జరు పెడితేనే మేలుకుంటాయి.

బండి మీద కలపడానికి పాత వైర్లు కొయ్యక్కర్లేదు. హ్యాండిల్ మీద డిప్పరుకి మెయిన్ స్విచ్చి నుంచి వచ్చే వైరుని మీటరుతో పట్టుకోండి. దాన్ని డిప్పరు దగ్గర విప్పి, 6 వోల్టుల కాయిల్ ఉన్న చిన్న రిలేకి (కరెంటుతో పనిచేసే స్విచ్చికి) ఇవ్వండి. కాయిల్ రెండో కొస ఎర్త్‌కి. కొత్త బ్యాటరీ పాజిటివ్ నుంచి అరడుగు లోపే 3 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి రిలే కాంటాక్టు, అక్కడి నుంచి డిప్పరు లోపలికి. డిప్పరు నుంచి బల్బుకి ఉన్న పాత వైర్లు అలాగే ఉంటాయి. బల్బు ఎర్త్ మాత్రం 1 చదరపు మిల్లీమీటరు వైరుతో నేరుగా పి-మైనస్‌కి తెచ్చుకోండి, తుప్పు పట్టిన ఫ్రేమును నమ్మకండి. ఇక పాత తాళంతోనే లైటు వేయొచ్చు. కారు షాపులో దొరికే మామూలు 12 వోల్టుల రిలే 6 వోల్టులకి లాగదు, అది కొని వైరింగు తప్పనుకుని మళ్ళీ మళ్ళీ విప్పేవాళ్ళున్నారు. డిప్పరు వైరు మీద హైబీమ్ గుర్తు బల్బు ఉంటే దాన్ని 12 వోల్టులదానికి మార్చండి, లేకపోతే మొదటిసారికే మాడిపోతుంది.

రెండు మాటలు పాత 6 వోల్టుల వైపు గురించి. ఎల్‌ఈడీకి ప్లస్ మైనస్ పట్టింపు ఉంది. పాత బ్రిటిష్ బళ్ళు కొన్నిటిలో పాజిటివే ఫ్రేముకి ఉంటుంది, వాటికి తగ్గ బల్బులే కొనాలి. డైనమో కాక మాగ్నెటో బండి అయితే సంగతి వేరు. అందులో లైటింగు కాయిల్ ఏసీ ఇస్తుంది, రెగ్యులేటరు లేని బండిలో స్పీడు పెరిగితే వోల్టేజీ పెరిగిపోతుంది. హెడ్‌లైటు లోడు తీసేస్తే ఆ వోల్టేజీ అంతా వెనక బల్బు మీద పడి అది పోతుంది. అక్కడ ఏసీని డీసీ చేసే రెక్టిఫయరు, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు పెట్టకుండా ఏ ఎల్‌ఈడీ నిలవదు.

బల్బు ఫ్యాను లేనిది తీసుకోండి. మూసిన హెడ్‌లైటు బొచ్చెలో ఫ్యానుకి గాలి ఆడదు, ఇక్కడి ఎర్రదుమ్ముకి త్వరగా బిగుసుకుంటుంది కూడా. చిప్పులు పాత ఫిలమెంటు ఉన్న చోటే ఉండాలి, ఎడమకీ కుడికీ చూడాలి, పైకీ కిందకీ కాదు. లేకపోతే ఎన్ని వాట్లైనా వెలుతురు రోడ్డు మీద పడదు, ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. గోడకి 25 అడుగుల దూరంలో, మీరు కూర్చుని బండి నిటారుగా ఉంచి చూస్తే లోబీమ్ పై అంచు హెడ్‌లైటు మధ్య ఎత్తు కన్నా మూడు నాలుగు అంగుళాలు కింద ఉండాలి. కోరాపుట్ వైపు చలికాలం పొగమంచులో తిరిగేవాళ్ళకి 6000 కెల్విన్ తెలుపు కన్నా 3000 పసుపు రంగు కంటికి హాయి. అదీ లోబీమ్‌లోనే.

చార్జరు 14.6 వోల్టులు, 2 ఆంపియర్లది, లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కని రాసి ఉన్నదే. ఖాళీ ప్యాకు మూడు గంటల పైనే పడుతుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం కారు చార్జరు పెట్టకండి. ప్యాకుకి ఎక్స్‌టీ60 కనెక్టరు పెట్టుకుంటే ఊడదీసి ఇంట్లో చార్జి చేసుకోవచ్చు. ఎండలో నిలబెట్టి వచ్చిన బండి అయితే ప్యాకు చల్లారనివ్వండి, 45 డిగ్రీలు దాటాక చార్జి చేయడం మంచిది కాదు.

ఈ సెల్లుల వోల్టేజీ చివరిదాకా దాదాపు ఒకేలా నిలుస్తుంది, తర్వాత ఒక్క ఉదుటున పడిపోతుంది. అందుకని చిన్న డిజిటల్ వోల్టుమీటరు ఒకటి హెడ్‌లైటు వెనక పెట్టండి. లైటు వెలుగుతుండగా 12.5 కిందికి దిగితే ఇంటిదారి పట్టాల్సిందే.

బండికి యాభై ఏళ్ళు దాటి, 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద "వీఏ" నంబరు తీసుకునే ఆలోచన ఉంటే, ఒరిజినల్ వైరింగు ఇలా కొయ్యకుండా ఉంచడం మీకే మంచిది. మీ హెడ్‌లైటు హోల్డరు రెండు చెవుల బయోనెట్టా, మూడు రేకుల హెచ్4 రకమా చెబితే ఏ బల్బు కూర్చుంటుందో చెప్పగలను.