పట్టుకున్న సరుకు కోర్టుకు రాకపోతే కేసు నిలుస్తుందా?

ప్రశ్న: పోయిన ఏడాది అక్టోబరులో విశాఖపట్నంలోని ఒక లాడ్జి గదిలో 22 కిలోల గంజాయి దొరికిందంటూ మా తమ్ముడిపై కేసు పెట్టారు. తనను గదిలో కాదు, లాడ్జి బయట పట్టుకున్నారని వాడు చెబుతున్నాడు. ఇప్పుడు విచారణ మొదలైంది. స్టేషన్‌లో ఉంచిన గంజాయి వానకు తడిసి, ఎలుకలు కొట్టి పాడైపోయిందట. లాడ్జి సీసీ కెమెరా రికార్డు కూడా చెరిగిపోయిందంటున్నారు. కేసు కొట్టేస్తారా? (ఒక సోదరి, అనకాపల్లి)

జవాబు: సరుకు పోయినంత మాత్రాన కేసు దానంతట అది వీగిపోదు. అలాగని ఆ నష్టాన్ని మీ తమ్ముడు మోయవలసిన పనీ లేదు. గంజాయిలో 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. రుజువైతే పదేళ్లకు తగ్గని శిక్ష. ఇంత శిక్ష పడే కేసులో సరుకును ఎలుకల పాలు చేయడం క్షమించరాని నిర్లక్ష్యం.

ముందుగా మాదకద్రవ్యాల చట్టం సెక్షన్ 52ఏ కాగితాలు ఉన్నాయో లేదో చూడండి. మేజిస్ట్రేటు ఎదుట నమూనాలు తీసి, సరుకు జాబితాను, ఫోటోలను ఆయనతో ధ్రువీకరింపజేసి ఉంటే చట్టం వాటినే ప్రాథమిక సాక్ష్యంగా చూస్తుంది. అప్పుడు మూటలు లేకున్నా ప్రాసిక్యూషన్‌కు పెద్ద ఇబ్బంది ఉండదు. అలా చేయకపోతే ఇరకాటంలో పడేది పోలీసులే. జితేంద్ర వర్సెస్ మధ్యప్రదేశ్ రాష్ట్రం కేసులో సరుకును కోర్టులో చూపలేకపోవడాన్ని సుప్రీంకోర్టు తీవ్రంగా తీసుకుని ముద్దాయిని విడుదల చేసింది. అయితే 52ఏ పాటించకపోవడం ఒక్కటే విడుదలకు చాలదని, మిగతా సాక్ష్యం నమ్మదగినదైతే శిక్ష నిలుస్తుందని 2025 జనవరిలో అదే కోర్టు చెప్పింది.

కాబట్టి అసలు పోరాటం క్రాస్ ఎగ్జామినేషన్‌లోనే. మధ్యవర్తుల నివేదికలో (సోదా సమయంలో సాక్షుల ఎదుట రాసే పంచనామాలో) మూటలు ఎన్ని? సీలు మీద ఎవరి ముద్ర ఉంది? నమూనా 50 గ్రాములని రాసి, ల్యాబుకు 42 గ్రాములే చేరిందా? ఎలుకల సంగతి స్టేషన్ రికార్డుల్లో ఏ రోజున ఎక్కింది, మీ లాయరు అడిగాకనా? ఇలాంటి తేడా ఒక్కటి బయటపడినా న్యాయమూర్తికి అనుమానం మొదలవుతుంది. ఆ అనుమానపు లబ్ధి ముద్దాయిదే.

మీ కేసులో నేను ఎక్కువ విలువనిచ్చేది కెమెరా రికార్డుకు. 2015లో టొమాసో బ్రూనో కేసులో, వారణాసి హోటల్‌లోని సీసీ కెమెరా దృశ్యాలను పోలీసులు కోర్టుకు తేకపోవడాన్ని సుప్రీంకోర్టు వారికి వ్యతిరేకంగానే లెక్కించి, ఇద్దరు ఇటలీ పౌరులను విడుదల చేసింది. తేగలిగిన సాక్ష్యాన్ని తేకపోతే అది తేనివారికి వ్యతిరేకంగా ఉండేదని భావించవచ్చన్న ఈ సూత్రం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 119లో ఉంది. కానీ అలా భావించవచ్చనే చట్టం చెబుతోంది, భావించి తీరాలని కాదు. గుమ్మం వైపు కెమెరా పని చేసేదని, ఆ సంగతి దర్యాప్తు అధికారికి తెలుసని మీరు నిరూపించాలి. ఇందుకు లాడ్జి మేనేజరు సాక్ష్యం పనికొస్తుంది. హార్డ్ డిస్కును ఫోరెన్సిక్ ల్యాబుకు పంపమని పిటిషను వేయండి. చెరిగిన దృశ్యాలు కొన్నిసార్లు తిరిగి దొరుకుతాయి. సోదాను వీడియో తీయాలన్న కొత్త చట్టం 2024 జులై 1న అమల్లోకి వచ్చింది. మీ కేసు ఆ తరువాతది కనుక, సోదా వీడియో ఏదని కూడా అడగండి.

తమ్ముడి ఫోనులోని మెసేజీలను మాత్రం ఎవరూ తొలగించకండి. నేరస్థుడిని కాపాడడానికి సాక్ష్యం మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 238 కింద వేరే నేరం. ఆ ఫోను ఎప్పుడు ఏ టవరు పరిధిలో ఉందో చెప్పే వివరాలను తెప్పించమని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 94 కింద ఈ వారమే కోర్టును కోరండి. టెలికాం కంపెనీలు వాటిని కనీసం రెండేళ్లు ఉంచాలి, ఆపైన దొరుకుతాయన్న భరోసా లేదు.