నొప్పి మాత్ర వేసుకుంటే ఎండోస్కోపీలో డోకు తగ్గుతుందా?

మీ అమ్మగారు నడుము నొప్పికి ట్రమడాల్ వాడుతున్నారని, వచ్చే వారం హనుమకొండలో ఎండోస్కోపీ (నోట్లోంచి గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్ష) ఉందని, గొట్టం వేసేటప్పుడు డోకు రాకుండా ఇంకో మాత్ర ఎక్కువ వేయవచ్చా అని అడిగారు. దయచేసి వేయకండి.

డిస్కు నొప్పికి నేనూ అదే మాత్ర వాడుతున్న రోజుల్లో ఇక్కడే ఎండోస్కోపీ చేయించుకున్నాను. నడుము నొప్పి అణిగింది కానీ, గొట్టం నాలుక మొదలుకు తగలగానే డోకు వచ్చింది. ట్రమడాల్‌లాగే ఓపియాయిడ్ (నల్లమందు తరహా నొప్పి మందు) జాతికి చెందిన ఫెంటానిల్‌ను నరానికి ఎక్కిస్తే గొంతు కొంత శాంతిస్తుంది, నిజమే. అయితే అది ఆసుపత్రిలో, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి, ఊపిరిని కనిపెడుతూ చేసే పని. ఇంట్లో మింగే ట్రమడాల్ చాలామందికి వికారాన్నే పెంచుతుంది. జీర్ణాశయం ఖాళీ కావడాన్ని కూడా ఈ మందులు ఆలస్యం చేస్తాయి. కడుపులో మిగిలిన తిండి పైకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం మీదికి వస్తుంది. పైగా అక్కడ మిడజోలం వంటి మత్తు ఇస్తే, రెండూ కలిసి శ్వాసను మందగింపజేస్తాయి.

అందుకే మాత్ర పేరు, మోతాదు, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారో డాక్టరుకు ముందే చెప్పండి. ఆ రోజు ఉదయం వేయాలా వద్దా అన్నది ఆయననే అడగండి. చాలాకాలంగా వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. చెమటలు, వణుకు, విరేచనాలు పట్టుకుంటాయి. భూపాలపల్లి నుంచి తెల్లవారుజామున బస్సులో వస్తామన్నారు కదా, దారిలో టీ కూడా వద్దు, పరగడుపునే తీసుకురండి.

నాకు మేలు చేసింది గొంతులో కొట్టే లిగ్నోకైన్ అనే మత్తుమందు స్ప్రే. కటిక చేదు. కాసేపటికి గొంతు మొద్దుబారి, ఏదో ముద్ద అడ్డం పడినట్టు, మింగలేకపోతున్నట్టు ఉంటుంది. ఈ సంగతి అమ్మగారికి తప్పకుండా ముందే చెప్పండి, తెలియకపోతే హడలిపోతారు. ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, గొట్టాన్ని కొరకకుండా పళ్ల మధ్య ప్లాస్టిక్ అడ్డు పెడతారు. ఉమ్మి మింగబోతేనే డోకు ఎక్కువవుతుంది. "మింగకండి, బుగ్గ మీదుగా కారిపోనివ్వండి, ముక్కుతో నిదానంగా ఊపిరి తీయండి" అని నర్సమ్మ చెవి దగ్గర చెబుతూనే ఉంది. అలా చేశాక గొంతు బిగువు సడలింది. ఇంట్లోనే రెండు మూడు రోజులు అమ్మగారి చేత ఆ ఊపిరి సాధన చేయించండి.

బయటికి రాగానే ఆకలి అంటారు. గొంతు మొద్దు వదిలేదాకా ఏమీ పెట్టకండి, పొలమారుతుంది. ముందు ఒక గుక్క నీళ్లు తాగించి చూసి, ఆ తర్వాతే ఇడ్లీ.