చిన్నా, వ్యాన్‌లో ఆ సందు మూయకు

చిన్నా,

నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచీ మీ పెద్దమ్మ నా మీద కోపంగా ఉంది, వాడికి వద్దని ఎందుకు చెప్పలేదని. ఎలా చెప్పను? తొంభైల్లో ఇక్కడ కెనడాలోనే, ఫోర్ట్ మెక్‌మర్రీలో మెకానిక్ పని చేస్తూ, అద్దెలు కట్టలేక రెండు చలికాలాలు వ్యాన్‌లోనే గడిపినవాణ్ణి. నిన్ను వద్దనడానికి నాకు నోరు రాదు. కానీ నువ్వు కాపురం పెడతానంటున్నది ముప్పై ఏళ్ల నాటి ఫోర్డ్ ఎకనోలైన్ క్యాంపర్ వ్యాన్‌లో, అంటే లోపలే వండుకుని పడుకునే వ్యాన్‌లో. వెళ్తానంటున్నది వైట్‌హార్స్‌కి, అదీ జనవరిలో. నీకు తెలిసిన చలి లంబసింగి చలి. వైట్‌హార్స్ ఉన్న యూకాన్‌లో మైనస్ 40 అంటే ఎప్పుడో పుస్తకాల్లో చదివే సంగతి కాదు, అక్కడివాళ్లు చూసే చలే. 1947 ఫిబ్రవరి 3న అక్కడ స్నాగ్ అనే చోట మైనస్ 63 దాకా పడింది. ఫోన్‌లో సగమే చెప్పాను, మిగతాది రాస్తున్నాను. నిదానంగా చదువు.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. మొదటి ఏడాది, పైకప్పు వెంటిలేటర్ లోంచి చలి దిగుతోందని అందులో తువ్వాళ్లు కుక్కాను. తలుపుల సందులకి టేపు వేశాను. ఆ రాత్రి హాయిగానే ఉంది. వారం తిరిగేసరికి గోడలకి లోపలి వైపు మంచు పొర, ప్రతి స్క్రూ తల మీదా తెల్లటి బుడిపె. హీటర్ వేయగానే అవి కరిగి పరుపు మీద టపటపా పడేవి. పరుపు ఎత్తి చూస్తే అడుగంతా నల్లటి బూజు. ఆ మంచు బయటినుంచి రాలేదు చిన్నా. అది నా ఊపిరి. నేను వండుకున్న అన్నం ఆవిరి. స్టవ్‌లో మండిన గ్యాస్ కూడా, ఎందుకంటే కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకి పైగా నీళ్లు ఆవిరై గాలిలో కలుస్తాయి.

అంతటితో పోలేదు. ఒక రాత్రి చలికి తట్టుకోలేక స్టవ్ వెలిగించి, అలాగే నిద్రపోయాను. తెల్లవారుజామున తల పగిలిపోతున్నట్టు నొప్పి, వికారం. జలుబు చేసిందనుకుని మళ్లీ పడుకోబోయాను. ఎందుకో గాలి కావాలనిపించి తలుపు తీశాను, మెట్టు దిగి మంచులో కూలబడిపోయాను. అది కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, మత్తుగా నిద్ర పట్టిస్తుంది. ఆ రోజు మళ్లీ పడుకుని ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాను.

అందుకే మొదటి మాట. ఎంత చలి పెట్టినా పైన వెంటిలేటర్ ఒక వేలెడు, కింద ఒక కిటికీ ఒక వేలెడు తెరిచే ఉంచాలి. వేడి కొంత పోతుంది, పోనీ. స్టవ్ వంటకే, వెచ్చదనానికి కాదు. క్యాంపర్లలో వాడే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి నువ్వు పడుకునే ఎత్తులో పెట్టు. గ్యాస్ లీకు అలారం మాత్రం నేలకి దగ్గరగా ఉండాలి, ప్రొపేన్ గాలి కంటే బరువు కాబట్టి. సెల్స్ లిథియంవి వెయ్యి, మామూలువి చలికి నీరసించిపోతాయి.

ఇప్పుడు వ్యాన్ సంగతి. లోపలి ప్యానెళ్లు విప్పకుండా ఇన్సులేషన్, అంటే చలి ఆపే పొర, జోలికి వెళ్లకు. పాత క్యాంపర్లలో గోడల మధ్య ఫైబర్‌గ్లాస్ దూది ఉంటుంది, నీళ్లు తాగి ముద్దయి ఉంటుంది. అదంతా పీకెయ్. ఎక్కడెక్కడ కారుతోందో, ఎక్కడ తుప్పు పట్టిందో చూసి ముందు అది బాగు చెయ్. ఆ తర్వాతే గట్టి ఫోమ్ షీట్లు. చాలామంది రేకు మీద ఫోమ్ అంటించి, మధ్యలో ఇనుప కమ్మీలను వదిలేస్తారు. చలి ఆ కమ్మీల గుండానే లోపలికి నడిచి వస్తుంది. వాటి మీద పలచగానైనా ఏదో ఒకటి కప్పాలి. నేలకి కూడా ఫోమ్ వెయ్, లేకపోతే పాదాలు ఎప్పటికీ వెచ్చబడవు. కిటికీలకి సరిగ్గా కొలిచి కోసిన ఫోమ్ ముక్కలు, డ్రైవర్ సీటు వెనక నిలువునా ఒక మందపాటి బొంత. రాత్రి నువ్వు కాపాడుకోవాల్సింది ఆ వెనక గది ఒక్కటే.

పరుపు కింద ప్లైవుడ్ చెక్క వేస్తానన్నావు, వద్దు. మన నులక మంచం గుర్తుందా, కింద గాలి ఆడేది? అలాగే పట్టీ పట్టీకి మధ్య ఖాళీ వదిలి కొట్టు. చెమ్మ నిలవదు.

హీటర్ దగ్గర ఖర్చుకి వెనకాడకు. డీజిల్ హీటర్ పెట్టించు. అది మండడానికి గాలి బయటినుంచి తీసుకుంటుంది, పొగ బయటికే వదులుతుంది, లోపలికి పొడి వేడి మాత్రమే వస్తుంది. 2 కిలోవాట్లది ఫుల్ మీద నడిస్తే గంటకి పావు లీటరు తాగుతుంది. ఎప్పుడూ సన్నగా నడిపితే లోపల మసి పట్టి ఒకరోజు మొండికేస్తుంది, కాబట్టి రోజుకోసారి కాసేపు ఫుల్ మీద నడుపు. ఎండాకాలంలో కొన్న డీజిల్ అందులో పోయకు. చలికి నెయ్యి పేరుకున్నట్టు పేరుకుని ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. చలికాలం డీజిల్ దారిలో బంకుల్లో దొరికేదే పోసుకో. మంచు కురిసిన ప్రతిసారీ పొగ గొట్టం చివర కప్పుకుపోయిందేమో వంగి చూడాలి. బద్ధకించకు.

వ్యాన్‌లో ఉన్న పాత గ్యాస్ ఫర్నేస్ చాలదా అని అడిగావు. లైసెన్స్ ఉన్న గ్యాస్ మెకానిక్ దాని లోపల చీలికలు లేవని చూశాక, రెండో దారిగా ఉంచుకో. దాన్నే నమ్ముకుంటే మాత్రం కష్టం. ప్రొపేన్ మైనస్ 42 దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, మైనస్ 30 దాటితేనే ప్రెషర్ నీరసించిపోతుంది. అంటే చలి బాగా ముదిరిన రాత్రే అది చేతులెత్తేస్తుంది. చిన్న బ్యూటేన్ డబ్బాలు సున్నా దగ్గరే ఆగిపోతాయి, కొననే కొనకు.

హీటర్ వెలగాలన్నా కరెంటు కావాలి. లిథియం బ్యాటరీని సున్నా కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేస్తే పాడైపోతుంది, అందుకని దాన్ని వెచ్చగా ఉండే చోట, మంచం కిందే పెట్టు. సోలార్ మీద ఆశ వద్దు. డిసెంబర్ ఆఖర్లో వైట్‌హార్స్‌లో పగలు ఐదున్నర గంటలే. ఇంజిన్ నడిచేటప్పుడు ఛార్జ్ అయ్యేలా వైరింగ్ చేయించు.

ఇంజిన్‌కి బ్లాక్ హీటర్, అంటే ఇంజిన్‌ని కరెంటుతో వెచ్చబెట్టేది, ఉందా చూడు, ముందు గ్రిల్ దగ్గర ప్లగ్ వేలాడుతూ ఉంటుంది. స్టార్ట్ చేయడానికి మూడు నాలుగు గంటల ముందు ప్లగ్ పెట్టాలి. మామూలు ఎక్స్‌టెన్షన్ వైరు ఆ చలికి కర్రలా బిగుసుకుని పగిలిపోతుంది, చలికి తట్టుకునేదే కొను. కూలెంట్‌లో యాంటీఫ్రీజ్, అంటే గడ్డకట్టనివ్వని ద్రవం, నీళ్లు సగం సగం కలిపితే మైనస్ 37 దాకానే ఆగుతుంది. నీకు అది చాలదు, 60 పాళ్లు యాంటీఫ్రీజ్ ఉండాలి. ఆయిల్ సింథటిక్ వేయించు. స్టార్టింగ్ బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉండాలి, ఖాళీ అయిన బ్యాటరీ మైనస్ 10 చుట్టుపక్కలే గడ్డకట్టి పగులుతుంది. పెట్రోల్ ట్యాంకు సగానికి దిగనివ్వకు.

నీళ్ల పైపులు, ట్యాంకు ఖాళీ చేసి క్యాంపర్ల నీళ్ల పైపుల కోసం అమ్మే గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ పోసెయ్. ఇంజిన్‌లో పోసేది వేరు, అది విషం. తాగే నీళ్లు రెండు క్యాన్లలో, నిండా కాకుండా కొంచెం వెలితిగా, లోపలే పెట్టుకో.

వంట విషయం పెద్దమ్మ చెప్పమంది. కుక్కర్ పెట్టి విజిల్స్ వేయించకు, ఆ ఆవిరంతా తెల్లారేసరికి గోడ మీద మంచవుతుంది. అన్నమైనా పప్పైనా ఒక పొంగు రానిచ్చి, మూత పెట్టి, పాత దుప్పట్లో చుట్టి ఉంచు. అన్నం అలాగే ఉడికిపోతుంది. పప్పు ముందే నానబెట్టుకో, కాసేపు ఎక్కువ ఉడకనిచ్చాకే చుట్టు. పడుకునే ముందు వేడి అన్నంలో నెయ్యి ఎక్కువే వేసుకుని తిను, ఒళ్లు వెచ్చగా ఉంటుంది. కాటన్ బనియన్లు ఇక్కడే వదిలి వెళ్లు. చెమట పట్టి తడిస్తే ఆరవు. ఉన్నివి వేసుకో.

ఎడ్మంటన్ నుంచి వైట్‌హార్స్ దాదాపు 2,000 కిలోమీటర్లు. డాసన్ క్రీక్ దాటి అలాస్కా హైవే ఎక్కాక చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. హీటర్లు రెండూ ఆగిపోయినా రాత్రి గడిచేలా మైనస్ 40 స్లీపింగ్ బ్యాగ్ ఒకటి కొను. డబ్బు చాలకపోతే నాకు చెప్పు, మొహమాటపడకు.

పని అయ్యాక నేరుగా ఉత్తరానికి వెళ్లిపోకు. డిసెంబర్‌లో వ్యాన్ తీసుకుని ఇక్కడికి రా. మైనస్ 25 పడే రోజు చూసి మా ఇంటి వెనక పెట్టుకుని, మూడు రాత్రులు అందులోనే పడుకో. పెద్దమ్మ వంటింటి తలుపుకి గడియ వేయదు, ఎప్పుడైనా లోపలికి రావచ్చు. మూడో రోజు పొద్దున నేనే వచ్చి పరుపు ఎత్తి చూస్తాను. అడుగు పొడిగా ఉంటే వెళ్లు.

ఆశీస్సులతో,
పెదనాన్న